గబ్బిలాలకు నచ్చని నునుపు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ అంటుంది. అబద్ధం. నా కోపం అరచేతిలో ఉంటుంది. చెక్క మీద చెయ్యి వేసి రాసినప్పుడు ఎక్కడైనా గరుకు తగిలితే చాలు, అక్కణ్నుంచే బయల్దేరుతుంది. నలభై ఏళ్లుగా వడ్రంగం చేస్తున్నాను. నేను చేసిన బీరువాకి పైనా, లోపలా, వెనకా, అడుగునా, మీ ఇష్టం, ఎక్కడైనా పట్టుగుడ్డ వేసి లాగండి. ఒక్క పోగు రేగితే ఆ బీరువా మీరే ఉంచేసుకోండి. ఊళ్లో నన్ను అద్దం మేస్త్రీ అంటారు. కొందరు గౌరవానికి, కొందరు ఎగతాళికి. నేను మాత్రం అందరిదీ గౌరవం కిందే జమ వేసుకుంటాను.

ఈ అరచేతి కోపంతోనే పదకొండేళ్ల కిందట మా బావమరిదిని దుకాణం నుంచి వెళ్లగొట్టాను. మా ఆవిడ తమ్ముడు. నా దగ్గరే పని నేర్చుకున్నానని చెప్పుకుంటాడు. నేర్పినట్టు నాకు గుర్తు లేదు. ఒకరోజు ఒక సొరుగు అడుగుచెక్కని రంపం కోసింది కోసినట్టే వదిలేశాడు. ఏమిట్రా ఇది అంటే, "అడుగున ఎవరు చూస్తారు బావా?" అన్నాడు.

"నేను చూస్తాను," అన్నాను.

"నువ్వు చూడకు," అన్నాడు.

అంతే, ఆ రోజే దుకాణం గడప దాటించాను. వాడు పోయి బజారు వెనక పళ్లపెట్టెలు కొట్టే షెడ్డు పెట్టుకున్నాడు. నాలుగు బద్దలు, పదహారు మేకులు, మధ్యలో చెయ్యి పెడితే చెక్క పేడు గుచ్చుకోవడం ఖాయం. వాడి షెడ్డు ముందునుంచి వెళ్లాల్సి వస్తే నేను తల తిప్పుకుని నడిచేవాణ్ణి. బావమరిది బతక కోరతాడు, దాయాది చావ కోరతాడు అంటారు. ఆ సామెత కట్టినవాడికి మావాడి పెట్టె మోసే గతి పట్టి ఉండదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా అమ్మాయి అడవి ఆఫీసులో పురుగుల విభాగం చూస్తుంది. ఊరిని ఆనుకుని ఉన్న అడవికి మూడేళ్లుగా గొంగళిపురుగు పట్టింది. ఆకు ముదిరే వేళకి చెట్ల కింద నిలబడితే చినుకులు పడుతున్న చప్పుడు వినిపిస్తుంది. వాన కాదు. పైన లక్షల పురుగులు తిని కిందికి వేస్తున్నది. నెల తిరిగేసరికి చెట్లు ఈనెలతో మిగులుతాయి. ఆఫీసువాళ్లు ఏటా విమానంతో మందు చల్లించేవారు. పురుగులు చచ్చేవి, వాటితోపాటు తేనెటీగలు, పిట్టలు కూడా. మరుసటి ఏడు మళ్లీ మొదట వచ్చేవి పురుగులే.

మా అమ్మాయి మీటింగులో లేచి చెప్పిందట. ఈ గొంగళిపురుగుల తల్లులు సాయంత్రం పూట ఎగిరే బూడిదరంగు రెక్కల పురుగులు. వాటిని గాల్లోనే పట్టి తినేవి బొటనవేలంత చిన్న గబ్బిలాలు. ఒక్కొక్కటి ఒక్క పూటలో తన బరువులో సగం పురుగులు మేస్తుంది. కానీ తొర్రలున్న ముసలిచెట్లన్నీ మనమే కొట్టేశాం, అవి ఉండటానికి చోటు లేదు. కాబట్టి వాటికి ఇళ్లు కట్టిద్దాం, మందు మానేద్దాం అంది. పెద్దాఫీసరు నవ్వాడట. నవ్వకుండా ఉంటే బాగుండేది. మా అమ్మాయి ఒంట్లో ఉన్నది నా రక్తం.

"నలభై పెట్టెలు కట్టిస్తాను సార్. మూడు నెలల్లో పదింట్లో అయినా గబ్బిలాలు చేరకపోతే నా కుర్చీ ఖాళీ చేస్తాను," అంది.

పెద్దాఫీసరు ఆ మాటని పుస్తకంలో రాయించాడు. నోరు జారడం మా వంశంలో ఆస్తిలా దిగుతూ వస్తోంది. చిన్నప్పుడు పుస్తకాల సంచిలో అగ్గిపెట్టెలు పెట్టుకుని, వాటిలో పురుగులు దాచుకున్న పిల్ల. ఆ కుర్చీ కోసం ఎంత చదివిందో నాకు తెలుసు.

పెట్టెలు చేసే పని నాకే వచ్చింది. పటం గీసి తెచ్చిచ్చింది. పెట్టె చూడ్డానికి గోడకి తగిలించే బడిపలకంత ఉంటుంది, అడుగు ఉండదు. కింద వేలెడు సందు. లోపల పలకలు దగ్గరదగ్గరగా నిలబెట్టి ఉంటాయి. గబ్బిలం కింద వాలి, పాక్కుంటూ పైకెక్కి, ఆ పలకల మధ్య వేలాడుతుంది. పటం చివర ఎర్ర సిరాతో రాసి ఉంది: లోపలి పలకలు గరుగ్గానే వదిలెయ్యాలి, చిత్రిక పట్టకూడదు, వార్నిష్ వెయ్యకూడదు. కింద రెండు గీతలు.

ఆ మాట చదివి నాకు కళ్లు చెమర్చాయి. మొన్ననే నడుం పట్టేసి రెండు రోజులు మంచమెక్కాను. నాన్నకి శ్రమ తగ్గిద్దామని రాసింది నా పిచ్చితల్లి అనుకున్నాను.

"చదువుకున్న పిల్ల రాసింది. రాసినట్టు చెయ్యండి," అంది మా ఆవిడ.

"నీకు తెలీదులే. అది పైకి అలా రాస్తుంది," అన్నాను.

నడుముకి తుండు బిగించి నలభై పెట్టెలూ చేశాను. లోపలి పలకలకి చిత్రిక పట్టి, గరుకు కాగితంతో మూడు విడతలు రుద్ది, రెండు పూతలు వార్నిష్ వేశాను. చీమ నడిస్తే కాలు జారాలి. అమ్మాయి వచ్చి పైపైన చెయ్యి వేసి, "ఎంత బాగున్నాయి నాన్నా!" అంది. లోపల వేలు పెట్టి చూడలేదు. నాన్న చేసినదాన్ని తనిఖీ చెయ్యాలని దానికి తోచలేదు.

పెట్టెలు చెట్లకెక్కాయి. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. రోజూ పొద్దు వాలేవేళకి అమ్మాయి చెట్ల కింద నిలబడి, నొక్కితే అంకె మారే చిన్న మిషన్ పట్టుకుని ఎదురుచూసేది. అంకె మారలేదు. నలభై పెట్టెల్లో ఒక్క గబ్బిలం లేదు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయేది. ఆఫీసులో పెద్దాఫీసరు ఎదురుపడినప్పుడల్లా, "ఏమ్మా, అద్దెకి ఎవరన్నా వచ్చారా?" అని అడుగుతున్నాడట.

నాకు గబ్బిలాల మీద ఒళ్లు మండింది. "తలకిందులుగా వేలాడేవాటికి మంచి ఇల్లంటే ఏం తెలుస్తుంది? మన అడవి గబ్బిలాలకి యోగం లేదు," అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది," అంది మా ఆవిడ.

నెలన్నర నాటికి ఆగలేక నేనే అడవికి వెళ్లాను. పొద్దు గుంకుతోంది. నిజంగానే ఒక గబ్బిలం వచ్చింది. నా పెట్టె కిందే వాలింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అది సందులో తల దూర్చి పైకి పాకింది. సర్రున జారి బయటపడింది. గాల్లో ఒక చుట్టు తిరిగొచ్చి మళ్లీ ఎక్కింది, మళ్లీ జారింది. మూడోసారి కాస్త పైదాకా వెళ్లినట్టుంది, లోపల గోళ్లు గీకుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత అంతా ఒక్కసారే కిందికి వచ్చేసి, రెక్కలు దులుపుకుని వెళ్లిపోయింది. వెళ్తూ నన్ను తిట్టినట్టే అనిపించింది.

పక్కనే ఉన్న అమ్మాయి నిచ్చెన ఎక్కి సందులో వేళ్లు పెట్టింది.

"నాన్నా, ఇదేంటి? అద్దంలా ఉందేంటి?"

"మరేమనుకున్నావు!" అన్నాను. నా గొంతులో ఆ గర్వం ఇంకా ఉంది చూడండి. అమ్మాయి నిచ్చెన దిగి చెట్టు మొదట్లో చతికిలబడ్డాక గాని నాకు బుర్రకెక్కలేదు.

"వాటి గోళ్లకి పట్టు దొరకాలి నాన్నా. అందుకే గరుకు అని రాశాను. రెండు గీతలు కూడా కొట్టాను," అంది.

"నా నడుం కోసం రాశావనుకున్నాను."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఆ వార్నిష్ వాసనకి కూడా అవి రావని, లోపలి పలకలన్నీ మార్చాలని, ఇంకా నెలన్నరే ఉందని మెల్లగా చెప్పింది. చిత్రిక పట్టే కత్తి నా వేలి మీద పడినా ఇంత నొప్పి ఉండేది కాదు.

మర్నాడు పొద్దున్నే దుకాణంలో కూర్చుని చెక్క కోశాను. కోసి పక్కన పెట్టాలి, అంతే పని. చెయ్యి ఊరుకోలేదు. ఏదో ఆలోచిస్తూ ఉన్నాను, చూసుకునేసరికి చిత్రిక పట్టేశాను. రెండోది కోసి, చిత్రికని అటక మీద పడేసి కూర్చున్నాను. గాజుపెంకుతో గీకి నున్నగా చేసేశాను. మధ్యాహ్నానికి పది పలకలు, పదీ అద్దాలే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

"మా తమ్ముడి దగ్గరికి వెళ్లండి," అంది మా ఆవిడ.

"చచ్చినా వెళ్లను."

"మీరు చస్తే అమ్మాయి కుర్చీ నిలబడుతుందా?"

వెళ్లాను. షెడ్డు నిండా రంపపు పొట్టు, మధ్యలో మావాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. వాళ్లక్క ముందే ఫోను చేసి ఉంటుంది. ఒక పళ్లపెట్టె బోర్లించి కూర్చోమన్నాడు. కూర్చోగానే ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడ గుచ్చుకుంది. వాడు అది చూసి కూడా చూడనట్టున్నాడు.

"ఒక సంగతి నిజం చెప్పు బావా," అన్నాడు. "దారిలో వస్తుంటే, అవసరానికి వసుదేవుడంతటివాడు గాడిద కాళ్లు పట్టుకున్నాడని అనుకున్నావా లేదా?"

"అనుకున్నాను."

"అందులో గాడిద ఎవరు?"

"నువ్వే."

పడీ పడీ నవ్వాడు. పదకొండేళ్లలో వాడి నవ్వు వినడం అదే మొదలు. నాకు బాగానే అనిపించింది, కాని అది వాడికి తెలియనివ్వలేదు. సంగతంతా చెప్పాను. మేనకోడలి పేరెత్తగానే వాడి మొహంలో ఆట పోయింది.

"పిల్ల కుర్చీ మీదకి తెచ్చావా బావా! లే, లేచి రంపం పట్టు."

ఆ తర్వాత జరిగినది ఎవరికైనా చెబితే నమ్మరు. నలభై ఏళ్ల అనుభవం ఉన్న నేను, పని ఎలా చెడగొట్టాలో మా బావమరిది దగ్గర పాఠం చెప్పించుకున్నాను. పక్కనే నిలబడి నా చేతిని కాపు కాశాడు.

"ఆపు, ఆపు! ఇంకొక్క దెబ్బ వేశావంటే బాగైపోతుంది!"

"ఇక్కడ ఒక్క పోగు లేచింది రా..."

"లేవనీ. దాన్ని పట్టుకునే గబ్బిలం వేలాడాలి. చెయ్యి తీసెయ్ బావా. రెండు చేతులూ తీసి వెనక్కి కట్టుకో."

మూడో రోజుకి నాకు కాస్త చేతనైంది. నేను కోసిన పలకని వాడు వెలుగులో తిప్పి చూసి, "పరవాలేదు, దరిద్రంగానే ఉంది," అన్నాడు. సంతోషించాను. దానికి సంతోషించే రోజు వస్తుందని ఎవరైనా ముందు చెప్పి ఉంటే తన్నేవాణ్ణి.

అయితే అన్నింట్లోనూ వాడి మాటే నెగ్గిందనుకోకండి. పలకలు మార్చడానికి విప్పిన పైపెట్టె కూడా ఉత్సాహం కొద్దీ తనే తిరిగి కొడతానన్నాడు. కొట్టాడు. పైచెక్కకీ పక్కచెక్కకీ మధ్య నా చిటికెనవేలు దూరింది. ఇద్దరం గొంతు చించుకుని అరుచుకుంటుంటే అమ్మాయి వచ్చింది.

"మావయ్యా, పైన సందులుంటే లోపలికి గాలి కొడుతుంది, వాన దిగుతుంది. పిల్లలున్న గబ్బిలాలు అసలు చేరవు. పైన చుక్క నీరు దిగకూడదు. అది నాన్న చెయ్యాలి. లోపలిది నువ్వు. ఒకరి పని ఇంకొకరు ముట్టుకుంటే ఇద్దర్నీ ఇంటికి పంపిస్తాను," అంది.

నోరు మూసుకుని పని చేశాం. తొమ్మిది రోజుల్లో నలభై పెట్టెలూ మళ్లీ చెట్లకెక్కాయి. నాలుగో రోజు సాయంత్రం అమ్మాయి పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చి చేతిలో మిషన్ చూపించింది. అంకె ఏడు. చూస్తుండగానే మా ఆవిడ దాని కంచంలో మూడు గరిటెలు వడ్డించింది, అది మూడూ తినేసింది.

గడువు ముగిసే సాయంత్రం పెద్దాఫీసరు వచ్చాడు. అడవి కాపలావాళ్లు, ఊరి జనం, నా చేత బెంచీలు చేయించుకుంటున్న బడి పెద్ద పంతులమ్మ, అందరూ వచ్చారు. చెట్ల కింద తెల్లగుడ్డలు పరిచి ఉన్నాయి. పొద్దు గుంకగానే మొదటి పెట్టెలోంచి ఒకటి రాలినట్టు కిందికి జారి ఎగిరింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత లెక్క పెట్టడానికి నా కళ్లు చాలలేదు. మిషన్లు టకటకమంటున్నాయి. అమ్మాయి తెల్లగుడ్డ మీద రాలిన రెట్టని పుల్లతో విడదీసి, భూతద్దం కింద పెద్దాఫీసరుకి చూపించింది. అంతా బూడిదరంగు పురుగుల రెక్కల తునకలు, కాళ్లు. ఆయన ముక్కు మూసుకునే చూశాడు గాని, చాలాసేపు చూశాడు.

మొత్తం పదకొండు పెట్టెల్లో గబ్బిలాలున్నాయి. పదికి పదకొండు! మా బావమరిది ఈల వేశాడు.

పెద్దాఫీసరు చెయ్యెత్తాడు. "మాట నెగ్గావమ్మా, కాదనను. మందు ఆపుతాం, వచ్చే ఏడు మూడొందల పెట్టెలు పెడతాం. కానీ అవి నీ చేతిలో ఎలా పెట్టను? మొదటి నెలన్నర ఒక్కటీ చేరలేదు. ఎందుకని అడిగితే 'పటంలో నా పొరపాటు' అని రిపోర్టులో నువ్వే రాశావు. నలభై పెట్టెల పటమే తప్పు గీసినవాళ్లని మూడొందలకి ఎలా నమ్మను? ఆ కుర్చీలో ఇంకొకర్ని చూస్తాను."

నాకు తలకొట్టేసినట్టయింది. రిపోర్టు సంగతి నాకు తెలియదు. నా పేరు పోకూడదని తప్పు తన మీద వేసుకుంది. ఇప్పుడూ తల దించుకునే నిలబడింది, నోరు విప్పడం లేదు. ఎక్కడెక్కడో జారే నోరు అవసరానికి బిగుసుకుపోయింది. ఊరంతా చూస్తోంది. ఊరుకుంటే నేను అద్దం మేస్త్రీనే. నా నలభై ఏళ్లలో నా పనిలో తప్పుందని నా నోటితో ఎన్నడూ అనలేదు.

"గీత తప్పు కాదు సార్," అన్నాను. "గీసింది సరిగ్గానే గీసింది. గరుగ్గా ఉంచమని ఎర్ర సిరాతో రాసింది. నేనే వినకుండా నున్నగా చేశాను. చెయ్యి తప్పు."

"మీరెవరు?"

"వడ్రంగిని. దాని తండ్రిని."

"అంత స్పష్టంగా రాస్తే ఎందుకు వినలేదు?"

"నా మీద ప్రేమతో రాసిందనుకున్నాను సార్."

జనం గొల్లున నవ్వారు. పెద్ద పంతులమ్మ కూడా నవ్వింది. పెద్దాఫీసరు నవ్వలేదు. "ఇది రాసిస్తారా?" అన్నాడు.

"ఇస్తాను."

కాగితం పెట్టుకోవడానికి బల్ల లేదు. మా బావమరిది వంగి వీపు ఇచ్చాడు. లోపలి పలకలు నున్నగా చెయ్యడం వల్ల గబ్బిలాలు జారిపోయాయని, తప్పు పూర్తిగా పని చేసినవాడిదేనని రాసి సంతకం పెట్టాను. సాక్షి కావాలన్నారు. వాడు నడుం ఎత్తి, కాగితం తీసుకుని, పైనుంచి కిందికి రెండుసార్లు గట్టిగా చదివి సంతకం చేశాడు. "నాకూ ఒక కాపీ ఇప్పించండి సార్, పదకొండేళ్ల నుంచి దీనికోసమే బతుకుతున్నాను," అన్నాడు. పెద్దాఫీసరు కాగితం మడిచి, "సరే, కుర్చీ నీదే," అని అమ్మాయితో అన్నాడు.

నేను గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను. అమ్మాయి మాత్రం చెయ్యి చాపింది.

"ఆ కాగితం ఒకసారి ఇవ్వండి సార్. ఒక వాక్యం తక్కువైంది."

"ఏం వాక్యం?"

"మూడు నెలల్లో పదహారు వానలు పడ్డాయి. నలభై పెట్టెల్లో ఒక్క దాంట్లోకీ చుక్క దిగలేదు. ఒక్క అతుకు విడలేదు. అది కూడా పని చేసినవాడి చెయ్యే. తప్పు రాసినప్పుడు అదీ రాయాలి."

"అవసరమా అమ్మా?"

"అవసరమే. లేకపోతే మీ కుర్చీ మీరే ఉంచుకోండి."

అదిగో, మళ్లీ జారింది నోరు. పెద్దాఫీసరు ఒక్క క్షణం దాని వంక చూసి, జేబులోంచి కలం తీసి, తనే నిలబడి ఆ వాక్యం రాశాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. దాచుకుందామని చెట్టు వైపు తిరిగాను గాని, కన్నీళ్లు చెంపల మీదుగా జారిపోతూనే ఉన్నాయి.

మా బావమరిది దగ్గరకొచ్చి నా మొహంలోకి వంగి చూశాడు.

"ఏం బావా, ఏడుపు కూడా నున్నగానే ఏడుస్తావా?"

"నోరు మూసుకుని నిచ్చెన పట్టుకోరా," అన్నాను. "అక్కడ ఒక పెట్టె కాస్త వంకరగా వేలాడుతోంది."